ముందు మనం కూర్చుందాం



ఈ రోజు మేము మార్కుల గురించి కాక, కోపం గురించి మాట్లాడదలచాము. పిల్లల కోపం, దాన్ని చూసి మాకు వచ్చే కోపం.

నాలుగో తరగతి పిల్లవాడొకడు ఒక మధ్యాహ్నం పక్కవాడి పుస్తకాలు విసిరేసి బెంచీని తన్నసాగాడు. మేము గట్టిగా అరిచాం. వాడు ఇంకా గట్టిగా అరిచాడు. రెక్క పట్టి బయటికి లాక్కెళ్తే మా చేయి కొరికాడు. పెద్దవాళ్లయితే అరవవచ్చునని ఆ రోజు తరగతి మొత్తానికి మేమే నేర్పాం. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

కోపంలో ఉన్న బిడ్డకు గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పైపైన ఆడుతుంది. ఆవేశాన్ని అదుపు చేసే మెదడు ముందు భాగం ఇరవై ఏళ్లు దాటాక గానీ పూర్తిగా ఎదగదు. ఆ సమయంలో నీతిబోధ తలకెక్కదు. మన గొంతు, మన ముఖమే వాడికి తెలుస్తాయి.

నిలబడి ఉండగా కోపం వస్తే కూర్చోమని, అప్పటికీ తగ్గకపోతే పడుకోమని ప్రవక్త (స) బోధించారు. ఆ మాట పిల్లలకు చెప్పాం గానీ మేము పాటించలేదు.

కొన్నాళ్లకు వాడికి మళ్లీ కోపం వచ్చింది. ఈసారి మిగతా పిల్లల్ని దూరంగా జరిపి, మేమే నేల మీద కూర్చున్నాం. రెండు మూడుసార్లు ఊపిరి నెమ్మదిగా వదిలాం. "కోపమొచ్చింది కదా నాన్నా. నీ పక్కనే ఉంటా" అని ఊరుకున్నాం. పది నిమిషాలు పట్టింది. నీళ్లు తాగాక ఏడ్చాడు. గల్ఫ్‌లో ఉన్న తండ్రి పండక్కి రావడం లేదట. "మీ నాన్న ఇక రాడు" అని పక్కవాడు అన్నాడట. చెదిరిన పుస్తకాలు తర్వాత వాడిచేతే సర్దించాం. శాంతపరచడమంటే తప్పును వదిలేయడం కాదు.

2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. చట్టం మన చేతిని ఆపగలదు. గొంతు తగ్గించుకోవడం మాత్రం మనమే నేర్చుకోవాలి.

దాతలారా, మీరిచ్చిన బెంచీలు, పుస్తకాలు పిల్లలకు ఎంతో మేలు చేశాయి. ఈసారి ఒక చిన్న కోరిక. వరండాలో ఒక చాప, ఒక నీళ్ల కూజా. మేము ఒక బిడ్డ దగ్గర కూర్చున్నంతసేపు మిగతావారిని చూసుకునే ఒక ఆయమ్మ. ఇక మీ ఇళ్లలో దీనికి ఖర్చే లేదు. బిడ్డ అరిచినప్పుడు ముందు మీరు కూర్చోండి.

అల్లాహ్ మనందరికీ సహనం ప్రసాదించుగాక. ఆమీన్.