కౌమారవయస్కులు – సామాజిక మాధ్యమములు – వర్తకము
(మహాసభయందు గావించిన ప్రసంగము)



చిరకాలము శబ్దమంజరి వల్లెవేయించిన మేము ఫేస్‌బుక్కు, ఇన్‌స్టాగ్రాములను గూర్చి యుపన్యసింప బూనుట సాహసమే. ఇందులకు మమ్ము బురికొల్పినది మా వలన జరిగిన యొక లోపము.

గత సంవత్సరము విద్యార్థివేతనముల ప్రకటనను మేమే వ్రాసి, మన సంఘముయొక్క ఫేస్‌బుక్కు పుటయందు వేయించితిమి. పెద్ద లనేకులు మెచ్చుకొనిరి. గడువు దాటిన పిమ్మట ఇంటర్మీడియెట్టు చదువుచున్న బాలిక యొకతె తండ్రితో మా యింటికి వచ్చి, “తాతగారూ, మాలో ఎవరూ ఫేస్‌బుక్కు చూడరండీ” అనెను. ఆమెకు వేతనము లభింపలేదు. మేము పలుకలేకపోతిమి.

నాటినుండి విచారింపగా, ఈ మాధ్యమములకును దేశకాలపాత్రముల నియమము కలదని తెలిసినది. 2004వ సంవత్సరమున గూగులువారు స్థాపించిన ఆర్కుటు, పుట్టినిల్లయిన అమెరికాయందుకన్న బ్రెజిలునందును మన దేశమునందును విశేషముగా వ్యాపించెను. 2014 సెప్టెంబరు 30వ తేదీన మూతబడెను. అమెరికాలో 13 మొదలు 17 ఏండ్లవారియందు ఫేస్‌బుక్కు వాడువారు 2014–15లో నూటికి 71 మంది కాగా, 2023లో 33 మందియే యని ప్యూ పరిశోధనసంస్థవారు తేల్చిరి. ఆ యేట యూట్యూబు చూచువారు 93 మంది, టిక్‌టాకు వాడువారు 63 మంది. జపానులో 2011 మార్చి భూకంపమున టెలిఫోనులు స్తంభింపగా, ఆ జూనునందే లైను అను సాధనము వెలువడి యింటింట నిలిచెను. కొరియాకు కకావోటాకు, రష్యాకు వీకే యట్టివి. మన దేశమున 2020 జూను 29వ తేదీన టిక్‌టాకు నిషేధింపబడెను. మరుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రామువారు రీల్సు నిచ్చట బ్రవేశపెట్టిరి. కాబట్టి బాలుర యభిరుచి యనునది కేవలము చాపల్యము గాదు. శాసనము, విపత్తు, స్నేహితు లున్న చోటు దానిని నిర్ణయించుచున్నవి. (మేము ప్రతిదినము వాట్సాపున బంపు శుభోదయపుష్పములను మనుమలు తెఱచియైన జూడరు.)

వర్తకులు దీనిని మనకన్న ముందే గ్రహించిరి. బాలుడు చూచు వినోదమునకును, వానిచే గొనిపింప నెంచిన వస్తువుయొక్క ప్రకటనకును నడుమ గోడ లేకుండ జేసిరి. అందువలననే ఐరోపా సమాజమువారు బాలుర వివరములను బట్టి వారికి బ్రకటనలు చూపుటను నిషేధించిరి. 2023లో మన పార్లమెంటు చేసిన శాసనమునందును, 18 ఏండ్లు నిండనివారి నడవడిని గనిపెట్టి వారి నుద్దేశించి ప్రకటనలు చేయరాదను విధి కలదు.

పోషకులలో నొకరు, “ధనము మే మిచ్చెదము, మీరును అట్లే ప్రకటింపుడు” అని ఔదార్యముతో సెలవిచ్చిరి. వారికి గృతజ్ఞులము, కాని వేతన మిచ్చుటకైనను బిడ్డల వెంట గూఢచారుల నంపుట మాకు సమ్మతము గాదు. ఆ ధనముతో మఱి రెండు వేతనము లీయవచ్చును. ప్రకటనను నిమిషములో ముగియు తెలుగు దృశ్యముగా దీయించి, విద్యార్థులచేతనే వారి మిత్రులకు బంపించుట చాలును. తలిదండ్రులకు వాట్సాపు, కళాశాలల గోడలకు కాగితము ఎట్లును ఉండవలసినవే.

ఈ యేటి ప్రకటనను చదివి వినిపించుటకు ఆ బాలికయే యొప్పుకొనినది. దరఖాస్తుల గడువును పదిదినములు పొడిగింపుడని కార్యవర్గమువారిని వేడుచున్నాము.