ఓడినప్పుడే మద్దెల ఓడా?



ఈ వారం ఆవకాయ గురించో, పిల్లల పరీక్షల గురించో కాకుండా ఎన్నికల గురించి చెబుతానంటే, "ఈవిడకెందుకమ్మా ఆ గొడవ" అనుకోకండి. ఆ గొడవ మా ఇంట్లోకే వచ్చింది మరి!

మాది చేవెళ్ల. 2023 డిసెంబరు 3న శాసనసభ ఎన్నికల ఓట్లు లెక్కిస్తున్నారు. మొయినాబాదు నుంచి మా ఆడపడుచు వచ్చింది. మా టీవీ ఒకరిని గెలిపిస్తుంటే, ఆవిడ చేతిలోని ఫోను ఇంకొకరిని గెలిపిస్తోంది. చివరికి కాలె యాదయ్యగారు 268 ఓట్లతో గెలిచారని తేలింది. ఒక మోస్తరు పెళ్ళి భోజనాలకు అంతకంటే ఎక్కువమందే వస్తారు కదండీ! "ఈ లెక్క నేను నమ్మను వదినా" అంది మా ఆడపడుచు. నేనూరుకున్నానా? "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అనేశాను. ఆవిడ ముఖం ముడుచుకుని బస్సెక్కింది. సంక్రాంతికి రానేలేదు.

తరువాత తీరిగ్గా ఆలోచించాను. ఆ 268 ఓట్లు అటు పడి ఉంటే, నేను మాత్రం నమ్మేదాన్నా?

మన ఇళ్ళలో ఏ పేపరు వేయించుకుంటే ఆ కళ్ళద్దాలు పెట్టుకున్నట్టే. 1974లో విశాఖపట్నంలో పుట్టిన 'ఈనాడు' 1983 ఎన్నికల్లో రామారావుగారి కొత్త పార్టీకి ఎంత అండగా నిలిచిందో పెద్దవాళ్ళకు గుర్తే. 2003లో మా చేవెళ్ల నుంచే పాదయాత్ర మొదలుపెట్టిన రాజశేఖరరెడ్డిగారు, ముఖ్యమంత్రి అయ్యాక "ఆ రెండు పత్రికలు" అని విమర్శిస్తూ ఉండేవారు. 2008లో వారి అబ్బాయి 'సాక్షి' పెట్టారు. ఒకే సభ ఒక పేపర్లో జనసముద్రం, ఇంకో పేపర్లో ఖాళీ కుర్చీలు! ఐదేళ్ళు ఒకవైపు బొమ్మే చూసిన మనిషికి, మనవాళ్ళు ఓడారంటే మోసం జరిగిందనే అనిపిస్తుంది. అది ఆ మనిషి తప్పు మాత్రమే కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో చూడండి. 2019 పోలింగుకు ముందు చంద్రబాబునాయుడుగారు, మరో 20 పార్టీల నాయకులు సుప్రీంకోర్టుకు వెళ్ళి, సగం వీవీప్యాట్ చీటీలు లెక్కపెట్టాలన్నారు. 2024లో 175 సీట్లకు 11 మాత్రమే వచ్చాక, జగన్మోహనరెడ్డిగారు కాగితం బ్యాలెట్టే మేలన్నారు. యంత్రం అదే, అనుమానించేవారే మారారు.

అమెరికాలోనూ అంతే. 2020లో ట్రంపుగారు ఓడిపోతే, ఓటింగ్ యంత్రాల్లో మోసం జరిగిందన్న మాటలను ఫాక్స్ న్యూస్ ప్రసారం చేసింది. ఆ యంత్రాల కంపెనీ దావా వేస్తే, 2023లో 78 కోట్ల 75 లక్షల డాలర్లు ఇచ్చి రాజీపడింది. డబ్బయితే కట్టారు గాని, జనం మనసులో పడ్డ అనుమానాన్ని ఎవరు తుడుస్తారు?

అలాగని అనుమానించడం తప్పని నేననను. కూరలవాడి తక్కెడ ముల్లు చూడకుండా మనం కొంటామా? ఇక్కడా చూడవలసిన ముల్లు ఉంది. పోలింగు మొదలవక ముందు ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లు వేసి యంత్రాన్ని పరీక్షిస్తారు. మనం మీట నొక్కగానే చీటీ 7 సెకన్లు కనబడుతుంది. పోలింగు అయ్యాక ఎన్ని ఓట్లు పడ్డాయో 17సి ఫారంలో రాసి ఏజెంట్లకు నకలు ఇస్తారు. లెక్కింపులో ఆ అంకెతో సరిచూసుకోవచ్చు. 2019లో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం ప్రతి శాసనసభ స్థానంలో 5 బూతుల చీటీలు లెక్కపెట్టి యంత్రంతో పోలుస్తారు. ఇదంతా టీవీ స్టూడియోలో జరగదు, అన్ని పక్షాల ఏజెంట్ల కళ్ళముందు జరుగుతుంది.

కనుక అమ్మా, అడగండి. కాని ఓడినప్పుడు అడిగే ప్రశ్ననే గెలిచినప్పుడూ అడగండి. "నీకెక్కడ అనుమానం?" అని ఎదుటివాళ్ళనూ అడగండి, సామెత విసరకండి. నేను చేసిన పొరపాటు అదే.

ఉగాదికి నేనే మొయినాబాదు వెళ్ళాను. మా ఆడపడుచు పచ్చడి గిన్నె చేతికిచ్చి, "మీ పేపర్లో ఏం రాశారు వదినా?" అంది. "నీ పేపరిటివ్వు, ముందది చదువుతాను" అన్నాను. నవ్వింది.

సెలవు.