ఇంటిమాటలు – చీనా భాష

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో పనిచేయు ఒక కార్మికుని ఇల్లాలు మాకు ఉత్తరము వ్రాసినది. ఆమె కుమారుడు చీనాలో వైద్యవిద్య చదువుచున్నాడు. 2020లో మహమ్మారి వ్యాపించినపుడు ఇల్లు చేరి, 2022 ఉత్తరార్ధము వరకు తిరిగి పోలేక, ఫోనులోనే పాఠములు విన్నాడట. “తరగతిలో పాఠము ఇంగ్లీషులోనే చెప్పుదురు. కాని ఆస్పత్రిలో రోగికి ఇంగ్లీషు రాదు గదా! ఇంట కూర్చున్న కాలములో వాడు చాల మాటలు మరచినాడు. ఇప్పుడు మరల నేర్చుచున్నాడు. వానితోపాటు నేనును నాలుగు మాటలు నేర్వదలచితిని. ఈ వయసులో వచ్చునా?” అని ఆమె ప్రశ్న.

వచ్చును. మొదటి మాట ఆమెకు ఇదివరకే వచ్చును. సంగారెడ్డి ప్రాంతమున “చాయ్” అందురు. కోస్తా జిల్లాలలో “టీ” అందురు. రెండును చీనా మాటలే. “ఛా” అను మాట భూమార్గమున పారశీకము చేరి “చాయ్” అయి మన దక్కనుకు వచ్చినది. ఫూజియన్ తీరపు మాండలికములోని “తే” డచ్చివారి ఓడలనెక్కి ఐరోపాకు పోయి, ఇంగ్లీషువారి నోట మనకు దిగుమతి అయినది. ఒకే ఆకు, రెండు దారులు.

ఇక కష్టమైన సంగతి ముందే చెప్పివేయుట మేలు. చీనా భాషలో ఒకే అక్షరమును నాలుగు స్వరములలో పలికిన నాలుగు అర్థములు వచ్చును. “మా” అనునది సమస్వరమున అమ్మ, ఎగయు స్వరమున నార, దిగి మరల లేచు స్వరమున గుర్రము, పైనుండి పడు స్వరమున తిట్టుట. “యెన్” అని స్వరమును ఎగబట్టిన ఉప్పు. సమముగా సాగదీసిన పొగ, సిగరెట్టు. “థాంగ్” అని ఎగబట్టిన చక్కెర, సాగదీసిన చారు. కొత్తగా వెళ్లినవాడు చాయలోనికి చారు అడుగుట వింత కాదు. అయినను మనకిది బొత్తిగా తెలియని విద్య కాదు. “ఆ” అను ఒక్క అక్షరమునే మనము ఒప్పుకొనుటకు ఒకరీతిని, వినబడక మరల అడుగుటకు ఒకరీతిని, ఆశ్చర్యమునకు వేరొకరీతిని పలుకుచున్నాము. చీనావారు ఆ పనిని ప్రతి మాటకును చేయుదురు.

ఒక విషయమున మాత్రము తెలుగువారు అదృష్టవంతులు. చీనా హల్లులలో క–ఖ, త–థ, ప–ఫ భేదము ప్రాణము వంటిది. ఇంగ్లీషు అక్షరములను నమ్ముకొన్నవారు “బ” అని చదువు చోట నిజముగ వినబడునది మన “ప”. తండ్రిని వారు “పాపా” అందురు! మన పెద్దబాలశిక్ష దిద్దిన నాలుకకు ఈ చిక్కులు లేవు.

చుట్టరికముల విషయములో మరింత సుఖము. ఇంగ్లీషున “బ్రదర్” అన్న పెద్దవాడో చిన్నవాడో తెలియదు. చీనాలో అన్న “కక”, తమ్ముడు “తితి”, అక్క “చ్యెచ్యె”, చెల్లెలు “మెయ్‌మెయ్”. పెదతండ్రి వేరు, పినతండ్రి వేరు, మేనమామ వేరు. ప్రాచీన చీనాలో మేనమామకును, భర్త తండ్రికిని ఒకే మాట ఉండెడిది. మన “మామ” గుర్తునకు రాకమానడు.

ఇక ఆమె ఇంటి పరిసరములకే వత్తము. పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ పొలములలో జొన్న, కంది, శనగ, వేరుశనగలపై పరిశోధన జరుగుచున్నది. ఈ పైరుల చీనా పేర్లు ఎంత చక్కనివో చూడుడు. జొన్న “కావ్‌ల్యాంగ్”, అనగా పొడవైన ధాన్యము. శనగ “డేగముక్కు గింజ”. గింజను చేతబట్టి చూచిన ఆ ముక్కు కనబడును. కంది “ముతోవ్”, కట్టెగింజ. కందికట్టెతో పొయ్యి రాజేసిన వారికి దీనికి వ్యాఖ్యానము అక్కరలేదు. జహీరాబాదు చుట్టుపట్ల పండు కొర్రలు చీనాలో “ష్యావ్‌మీ”, చిన్నబియ్యము. ఆ పేరు గల ఫోను మన పిల్లల చేతులలో ఎన్ని ఉన్నవో! కొర్రలను చేతబట్టుకొని తిరుగుచున్నామని వారెరుగరు.

అన్నిటికన్న మాకు నచ్చినది వేరుశనగ పేరు. మనము వేరును జూచి పేరు పెట్టినాము. నిజమునకు ఆ కాయ వేరున కాయదు. పూత ముగిసిన పిమ్మట ఊడ నేలకు దిగి, మట్టిలో కాయ ఊరును. చీనావారు దానిని “రాలినపూవున పుట్టినది” అన్నారు. ఇచ్చట వారి చూపు మనకన్న సూక్ష్మమని ఒప్పుకొనవలెను.

వరి, బియ్యము, అన్నము అని మనకు మూడు మాటలున్నట్లే వారికిని “తావ్”, “మీ”, “ఫాన్” కలవు. అన్నమనగా భోజనమనియు అర్థమగుట రెండు భాషలకును సమానమే. “ఛి ఫాన్ ల మా?” అన్న అన్నము తింటివా అని. పాతతరము వారు ఎదురుపడిన పలకరింపుగ గూడ ఇట్లే అడుగుదురు. చివరి “మా” మన ప్రశ్నార్థకపు “ఆ” వంటిదే. దానికి స్వరము లేదు, తేలికగా విడిచివేయవలెను.

కుమారునికి ఆస్పత్రిలో దినమునకు పదిమార్లు వినబడు మాట “థంగ్”. నొప్పి అని దాని అర్థము. బిడ్డను గారాముగ ప్రేమించుటకును వారు ఆ మాటనే వాడుదురు. ఆ తల్లి దీనిని నేర్చుకొని కుమారునితో అనిచూడవచ్చును. అయితే ఫోను చేయు వేళ గమనింపవలెను. అచట గడియారము మనకన్న రెండున్నర గంటలు ముందు. ఇచట రాత్రి ఎనిమిదింటికి అన్నము తింటివా అని అడిగిన, అచట పదిన్నర. వాడు తిని చాలసేపై ఉండును.