మన ముఖాలూ పటానికెక్కాలి
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఎ. గురించి మాట్లాడుకునే వేదిక మీద బొమ్మల ప్రస్తావన ఏమిటని మీరనుకోవచ్చు. సంబంధం ఉంది, మనవి చేస్తాను.

పటం గీయించుకోవడం ఒకప్పుడు గొప్పవారికే చెల్లింది. రాజా రవివర్మ (1848-1906) తైలవర్ణ రూపచిత్రాల్లో మహారాజులూ దొరలూ కనిపిస్తారు. మన తీరం వెంట పోయే బకింగ్‌హాం కాలువకు ఎవరి పేరు పెట్టారో ఆ మద్రాసు గవర్నరు బొమ్మనూ ఆయన గీశారు. 1877-78 కరువు పనుల్లో ఆ కాలువకు మట్టి మోసిన కూలీలను అలా కూర్చోబెట్టి గీసినవారు లేరు.

కెమెరా వచ్చినా పద్ధతి మారలేదు. మన పదవీ విరమణ ఫోటోలు చూడండి. మెడలో దండ, ఇస్త్రీ చొక్కా, అటూ ఇటూ అధికారులు. జీవితమంతా బొగ్గు వేసిన ఫైర్‌మన్ అందులో గుమాస్తాలా కనిపిస్తాడు.

ఈ పద్ధతిని మార్చిన చిత్రకారుల్లో తోట వైకుంఠం గారు ఒకరు. 1942లో కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లిలో పుట్టారు. బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ గారి వద్ద నేర్చుకున్నారు. 'దాసి' (1988) సినిమా కళాదర్శకత్వానికి జాతీయ బహుమతి పొందారు. ఆయన పటంలో పల్లె ఆడవాళ్లుంటారు. నల్లని మేను, ఎర్రచీర, నుదుట పెద్ద బొట్టు. వెనుక మేడ ఉండదు, పటం నిండా ఆమే. అయితే ఆమె ఫలానా మనిషి అని చెప్పే పేరు మామూలుగా ఉండదు. మనకు పేరు కూడా కావాలి.

ఆవిరి ఇంజన్ల కాలంలో బిట్రగుంట అంటే లోకో షెడ్డు. ఆ ఇంజన్ల ఫోటోలు ఇప్పటికీ దొరుకుతాయి. బూడిద ఎత్తినవారి ముఖాలెక్కడ? అర్ధరాత్రి కాల్‌బాయ్ తలుపు తడితే లేచి క్యారియర్ కట్టిన ఇల్లాలి ముఖమెక్కడ? చాలా ఇళ్లలో ఆమెకున్నది పింఛను కాగితాలకు అంటించిన జాయింట్ ఫోటో ఒక్కటే.

అందుచేత నా విన్నపం. బొమ్మలు గీసే మనవలూ మనవరాళ్లూ ఉంటే, మీ దంపతులిద్దరూ వారి ఎదుట కూర్చోండి. దండలు వద్దు. చేతిలో పారో, లాంతరో, క్యారియరో ఉండనివ్వండి. పోలిక కాస్త తప్పినా ఫర్వాలేదు. కింద పేరు, చేసిన పని, సంవత్సరాలు రాయించండి.

బతికే ఉన్నామని ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. ఎలా బతికామో చెప్పే కాగితం కూడా ఇంట్లో ఒకటి ఉండాలి. సెలవు.