ఒంటి పరుపు ఎవరి ఒంటికి?

(మన సంఘం వారి కుటుంబ విహారయాత్రకు ముందు జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలం మమ్ములను మాట్లాడమన్న విషయం చూడడానికి చిన్నది. డేరాలో పడుకొనేవారు కింద పరచుకొనే ఒంటి పరుపును ఎట్లా ఎన్నుకోవలెను అన్నదే విషయం. మామూలు పరుపు కాదు. మూత తిప్పితే తనంతట తానే గాలి పీల్చుకొని పొంగేది. దుకాణాలవారు దానిని సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ మ్యాట్ అంటారు. మేము రైల్వే ఆఫీసులో గుమాస్తాపని చేసేవారమే గాని కొండలెక్కేవారము కాము. ఐనా సంఘపు యాత్రలకు పేర్ల పట్టీ, సామాను పట్టీ వ్రాసే పని మా మీద పడినందున, పదిమందికి పనికివచ్చే నాలుగు మాటలు చెప్పగలమని నిలబడినాము.

ఆ పేర్ల పట్టీలోనే ఒక సంగతి మాకు కనిపించింది. బెంగుళూరు నుంచి రోడ్డు దారిన సుమారు 280 కిలోమీటర్లు పోతే గండికోట. ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్న పారే ఆ గండి అంచున, రాత్రి డేరాలలో గడపడానికి మన ఊరి నుంచి శని ఆదివారాలలో ఎందరో పోతున్నారు. మనమూ పోదామనగానే అందరి పేర్లూ వస్తాయి. బయలుదేరే వారంలో కొన్ని పేర్లు కొట్టివేయవలసి వస్తుంది. ఆ పేర్లు ఎవరివి? అరవై దాటిన పెద్దలవి, నడుము నొప్పితో బాధపడే తల్లులవి. "మీరు వెళ్ళి రండి నాయనా, మాకు నేలమీద నిద్ర పట్టదు" అంటారు. చిన్నతనంలో ఆరుబయట పడుకొని పెరిగినవారు వారే. కృత్తికలను పిల్లలకోడి అని చూపించి, దాని వెంట పిల్లలను లెక్కపెట్టించగలవారు వారే. అట్టివారు ఇంటిదగ్గర నిలిచిపోతే, అపార్టుమెంటులో పుట్టి పెరిగిన మన పిల్లలకు ఆకాశం చూపేదెవరు? కాబట్టి ఈ పరుపు మాట చిన్నదని మేము అనుకోము.

ముందు నేల సంగతి చూద్దాం. నేల మనకు రెండు పనులు చేస్తుంది. ఒకటి ఒత్తడం, రెండు వేడిని లాగడం. పక్కకు తిరిగి పడుకొన్నవారి బరువంతా భుజం మీద, తుంటి ఎముక మీద పడుతుంది. గట్టి నేల అక్కడనే ఒత్తుతుంది. ఇక వేడి మాట. మీద ఎంత మంచి రగ్గు కప్పినా, ఒంటి కింద పడి నలిగిన భాగంలో గాలి నిలువదు. గాలి నిలువని చోట వెచ్చదనమూ నిలువదు. రాయి, తడిమన్ను రాత్రంతా మన వేడిని తాగుతూనే ఉంటాయి. మన్యంలో లంబసింగికి కొర్రబయలు అని మరొక పేరున్నది. ఆరుబయట పడుకొన్నవాడు తెల్లవారేసరికి కొర్రలాగా బిగుసుకొని పోతాడని దాని అర్థం చెబుతారు. అక్కడ శీతాకాలంలో ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు దిగిన రోజులున్నవి. అట్టి చోట పైన కప్పుకొనేదాని కంటె కింద వేసుకొనేదే ముఖ్యం.

ఈ సూత్రం మనవారికి తెలియనిది కాదు. నులకమంచం మనిషిని నేలకు ఎడంగా ఎత్తిపెట్టింది. పొలం కాపలాకు పోయినవారు వరిగడ్డి దళసరిగా పరచి, దానిమీద చాప వేసి పడుకొనేవారు. గడ్డి మధ్య నిలిచిన గాలే వారికి వెచ్చని పరుపు. పాతచీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంత చేసే పనీ అదే. ప్రయాణాల కాలంలో జంపఖానా, దుప్పటి, దిండు కలిపి హోల్డాలులో చుట్టి రైలెక్కేవారు. ఎందుకంటే ఆనాటి రెండవ తరగతి బల్లలు ఒట్టి చెక్కలు. 1977 నుంచి 1979 వరకు రైల్వే మంత్రిగా ఉన్న మధు దండావతే గారు ఆ చెక్కల మీద రెండంగుళాల స్పాంజి వేయించే పనికి పూనుకొన్నారు. రెండే అంగుళాలు! కోట్ల మంది నడుములకు అది ఎంత మేలు చేసిందో మనకందరికీ తెలుసు. మన లెక్కకు ఆ రెండంగుళాలను జ్ఞాపకం ఉంచుకొందాము.

తనంతట తాను పొంగే పరుపు పుట్టింది అమెరికాలోని సియాటిల్ నగరంలో. బోయింగ్ విమానాల కంపెనీలో ఉద్యోగాలు పోయిన ఇంజనీర్లు జిమ్ లీ, నీల్ ఆండర్సన్ గార్లు, వారి స్నేహితుడు జాన్ బరోస్ గారు కలిసి దీనిని తయారుచేశారు. 1972లో కాస్కేడ్ డిజైన్స్ అనే సంస్థ పెట్టి థర్మారెస్ట్ అనే పేరుతో అమ్మకానికి తెచ్చారు. తోటపనిలో స్పాంజి ముక్కమీద మోకాళ్ళు మోపినప్పుడు దానిలోనుంచి గాలి పోయే చప్పుడు విని ఈ ఆలోచన కలిగిందని చెప్పుకొంటారు.

దాని పని తీరు తేలిక. గాలి చొరని గుడ్డ సంచిలో, గాలి ఆడే స్పాంజిని పెట్టి, పైకీ కిందకూ అంటించి ఉంచుతారు. మూలన ఒక మూత ఉంటుంది. గాలి వెళ్ళగొట్టి చుట్టి మూత బిగిస్తే స్పాంజి అణగి ఉంటుంది. మూత తీసి పరిస్తే స్పాంజి తన ఆకారానికి తాను లేస్తూ గాలిని లోపలికి పీల్చుకొంటుంది. పది పదిహేను నిమిషాలు పడుతుంది. కడపట రెండు మూడు ఊపిరులు ఊదితే బిగుతు సరిపోతుంది. ఒట్టి గాలి పరుపులో గాలి అటూ ఇటూ కదలి వేడిని కిందికి చేరవేస్తుంది. ఇందులో స్పాంజి గాలిని కదలనీయదు. అందుచేత మెత్తదనం, వెచ్చదనం రెండూ ఉన్నవి. దీనిని గాలి పరుపని వర్ణించడం కంటె, గడ్డిపరుపునకు మనుమడనడం న్యాయం.

ఇక ఎన్నుకొనే పద్ధతి. దుకాణంలో అడుగు పెట్టకముందే మూడు ప్రశ్నలకు జవాబు వ్రాసుకోవలెను.

మొదటిది, ఏ నేలమీద, ఏ కాలంలో? వెచ్చదనం నిలిపే శక్తికి ఆర్-వాల్యూ అనే అంకె ఉన్నది. అంకె పెద్దదైనకొద్దీ నేలకు పోయే వేడి తక్కువ. ఇదివరకు ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క తీరున కొలిచేవాడు. 2018లో అమెరికాలో దీనికి ఒకే కొలత పద్ధతి ఏర్పడింది. దాని పేరు ఏఎస్‌టీఎమ్ ఎఫ్3340. ఆ ప్రకారం కొలిచినదేనా అని అడగండి. మన గండికోటకు, హార్సిలీ హిల్సుకు 2 చుట్టూ ఉన్నా చాలును. లంబసింగి చలికి 3 ఉంటే నిశ్చింత. మంచుకొండలకు పోయేవారికే అంతకు మించినది కావలెను. ఈ అంకెలు కూడికకు లొంగుతాయి. 2 ఉన్న ఫోమ్ షీటుమీద 3 ఉన్న పరుపు వేస్తే 5 అవుతుంది.

రెండవది, ఎవరు మోస్తారు? వీపున వేసుకొని కొండ ఎక్కేవారికి కిలోకు లోపు బరువున్నదే మేలు. అది మూడు నాలుగు సెంటీమీటర్ల మందం మాత్రమే ఉంటుంది. బస్సులోనో కారులోనో డేరా దాకా పోయేవారికి బరువుతో పని లేదు. వారు ఐదు సెంటీమీటర్లు, అనగా మన రైలు స్పాంజి మందం, లేక అంతకు మించినది తీసుకోవచ్చును. మన యాత్రలన్నీ బస్సు యాత్రలే గదా! కొండవీరుల కొరకు చేసిన పలుచని పరుపుకు ఎక్కువ ధర పెట్టడం మనకు అనవసరం.

మూడవది, ఎవరు పడుకొంటారు? వెల్లకిల పడుకొనేవారికి పలుచనిది సరిపోతుంది. పక్కకు తిరిగేవారికి, నడుము నొప్పివారికి మందం కావలెను. సాధారణంగా పొడవు 183, వెడల్పు 51 సెంటీమీటర్లు ఉంటుంది. భారీ మనిషికి, రాత్రి దొర్లేవారికి ఆ వెడల్పు చాలదు. 63 సెంటీమీటర్లది చూడవలెను. దుకాణంలో సిగ్గుపడక దానిమీద పది నిమిషాలు పక్కకు తిరిగి పడుకొనండి. తుంటి కింద చెయ్యి పెట్టి చూడండి. ఎముక నేలకు తగిలితే అది మీ పరుపు కాదు.

మాతో పనిచేసి విశ్రాంతి పొందిన గార్డుగారు ఒకరున్నారు. రానంటే రానన్న మనిషి. ఆయన అల్లుడు ఐదు సెంటీమీటర్ల పరుపు తెచ్చి, ముందుగా ఇంట్లోనే వారం రోజులు పడుకోబెట్టి, తరువాత వెంట తీసుకొనివచ్చాడు. గండికోటలో ఆ రాత్రి ఆయన ఒకసారి లేచి, మూత కొంచెం తిప్పి, బుస్సుమని కాస్త గాలి వదలి మళ్ళీ పడుకొన్నారు. ఆ మెలకువ అందరికీ పనికివస్తుంది. బిగదీసి నింపిన పరుపు బల్లలాగా ఉంటుంది. కొంచెం వదిలితేనే ఒంటిని పట్టుకొంటుంది.

కొన్నతరువాత జాగ్రత్తలు కొన్ని కలవు. గండికోట దారిలో పల్లేరుకాయలకు, తుమ్మముళ్ళకు కరువు లేదు. ముందు చోటు ఊడ్చి, టార్పాలిను వేసి, దానిమీద డేరా, ఆపైన పరుపు. ఐనా చిల్లి పడితే సైకిలు ట్యూబులాగానే నీటిలో ముంచి బుడగలు చూసి, ఆరబెట్టి ప్యాచీ వేసుకోవచ్చును. గాలి నింపి మూత బిగించి ఎండలో వదలరాదు. వేడికి గాలి వ్యాకోచించి అంటు ఊడి, పరుపు ఉబ్బుతుంది. ఇంటికి వచ్చాక చుట్టి అటకమీద పడవేయక, మూత తీసి, మంచం కిందనో బీరువా వెనుకనో పరచి ఉంచవలెను. నెలల తరబడి అణగి ఉన్న స్పాంజి లేచే శక్తి పోగొట్టుకొంటుంది.

ఒక మాట మరువరాదు. చైత్ర వైశాఖాలలో సీమ రాళ్ళు రాత్రి కూడా సెగలు కక్కుతాయి. అప్పుడు ఈ పరుపుమీద వీపు చెమట పోస్తుంది. ఆ కాలానికి మన తుంగచాపను మించినది లేదు. దానికి మూతా లేదు, చిల్లీ లేదు. అట్లాగే, ఏ కాలమైనా అటవీ శాఖ అనుమతి లేని చోట డేరా వేయరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మంచి పరుపుకు కొన్ని వేలు అవుతుంది. నలుగురున్న ఇంట నాలుగు కొనడం మనబోటి జీతగాండ్లకు సాధ్యం కాదు, ఒకటి కొనగలము. అది ఒంటి పరుపు. ఎవరి ఒంటికి? సాధారణంగా జరిగేదేమిటంటే, ముచ్చటపడి కొన్న కుర్రవాడే దానిమీద పడుకొంటాడు. వాని నడుముకు ఫోమ్ షీటు, బొంత చాలును. ఏ మనిషి అది లేకపోతే రాలేదో, ఆ మనిషి ఒంటికి కొలత తీసి కొనవలెనని మా మనవి. అమ్మ తుంటికి చూసి కొనండి, తాతగారి భుజానికి చూసి కొనండి. వారు రాని యాత్రకు ఖరీదైన పరుపు ఎందుకు?

మరొక సూచన. సంఘము తరఫున నాలుగు పరుపులు కొని ఉంచుదాము. రిజిస్టరులో సంతకం తీసుకొని యాత్రకు ఇద్దాము. ఎవరి దుప్పటి వారు పరచుకొంటారు. తిరిగి వచ్చినప్పుడు గాలి నింపి, మీద బరువు పెట్టి ఒక రాత్రి ఉంచి చూసి జమ కట్టే పని మేము చేస్తాము. కార్యవర్గం వారు ఆలోచించవలెను.

యాత్ర పేర్ల పట్టీ ఇంకా మా దగ్గరనే ఉన్నది. పోయినసారి కొట్టివేసిన పేర్లు కూడా అందులో ఉన్నవి. వాటిని మళ్ళీ వ్రాయడానికి చోటు వదలినాము.