కంప్యూటరు పని – కళ్ల అలసట, మెడనొప్పి



2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక మన కంకిపాడు చుట్టుపక్కల ఊళ్లలోనూ రోజంతా కంప్యూటరు ముందు కూర్చునేవారు ఎక్కువయ్యారు. తెరనే చూస్తూ ఉంటే రెప్పలు తక్కువగా ఆర్పుతాం. అందుకే కళ్లు పొడిబారి మండుతాయి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి. తెర పైఅంచు కంటి ఎత్తును మించకూడదు. పాదాలు నేలకు ఆనాలి. గంటకోసారి లేచి భుజాలు మెల్లగా తిప్పండి, నాలుగడుగులు నడవండి.

ముఖ్యంగా, కళ్లు ఎర్రబడ్డాయని మందుల షాపులో అడిగి చుక్కలు వేసుకోకండి. స్టెరాయిడ్ చుక్కలు ఎక్కువకాలం వాడితే నీటికాసులు రావచ్చు. దానివల్ల పోయిన చూపు తిరిగి రాదు. చూపు మసకబారినా, చేతివేళ్లు తిమ్మిరెక్కుతున్నా డాక్టరుగారికి చూపించుకోండి. దేవుడిచ్చిన కళ్లను కాపాడుకుందాం.