గొడుగు మీరే తెచ్చుకోండి

పట్టాలు అందుకుంటున్న పిల్లలకు అభినందనలు.

వాననీటి కాలువల నాణ్యత చూడటం నా ఉద్యోగం అంటే పావగడలో నవ్వుతారు. "వానే రాని సీమలో నీకేం పని సార్?" అంటారు. వాన తక్కువ గనకే పని ఎక్కువ. నెలల తరబడి రోడ్ల మీద దుమ్ము, పేడ, బండ్ల ఆయిలు, టైర్ల పొడి పేరుకుంటాయి. మొదటి జల్లు అంతటినీ ఒక్కసారిగా ఊడ్చి కాలువలోకి తోస్తుంది. తరచూ వాన పడే ఊళ్ళలో ఇంత పేరుకోదు.

అందుకే ఉరిమితే అందరూ ఇళ్ళలోకి, మేం సీసాలతో కాలువ చెరువులో కలిసే చోటికి. ఆ నీళ్ళతోనే సీసా మూడుసార్లు కడిగి, నింపి, టైము రాస్తాం. మొదటిది టీ డికాక్షన్‌లా ఉంటుంది. అరగంట తర్వాత పట్టినది చాలా తేట. వాన ఆగి మూడు రోజులైనా కాలువ పారుతోందంటే ఎవరో ఇంటి మురుగు పైపు అందులో కలిపారన్నమాట. దాన్ని వెతుకుతూ సందులన్నీ తిరగాలి. ఆ చాప్టర్ మీ పుస్తకాల్లో ఉండదు.

ఇదంతా ఎందుకు? మీ అవ్వాతాతల పళ్ళ మీది మచ్చలు, వంగని మోకాళ్ళు మీకు తెలుసు. ఆ జబ్బు ఫ్లోరోసిస్. దేశంలో దాన్ని మొదట గుర్తించింది 1937లో, నెల్లూరు జిల్లాలో. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకుంటే 1.5. వాన చినుకులో అది దాదాపు ఉండదు, భూమిలోని రాతి నుంచి దిగుతుంది. చెరువులో నిలిచి ఇంకిన వాననీరు బావి నీళ్ళను పలుచన చేస్తుంది. అదే చెరువులోకి మురుగు వదిలితే ఫ్లోరైడ్ తగ్గించబోయి నైట్రేట్ తాగించినట్టే.

వీధి కాలువను చట్టాలూ ఆలస్యంగానే పట్టించుకున్నాయి. అమెరికాలో 1972లో శుభ్రజల చట్టం వచ్చినా, వాననీటి కాలువలకు పర్మిట్లు తేవటానికి 1987 సవరణ దాకా పట్టింది. ఫ్యాక్టరీ గొట్టం అందరి కంట్లో పడుతుంది, వీధి పడదు. మనకు 1974 నుంచి నీటి చట్టం ఉంది. కాలువ అంటే మాత్రం ఇప్పటికీ పూడికతీత బిల్లే గుర్తొస్తుంది!

మన దగ్గర కొలవాల్సింది ఇంకా ఉంది. తిరుమణి వైపు 13 వేల ఎకరాల సోలార్ పార్కు, 2,050 మెగావాట్లు. పలకల అంచుల నుంచి జారే వాన ఏ వంకలోకి ఎంత మట్టి మోస్తోందో కొలవాలి. నాగలమడికె దాటిన ఉత్తర పినాకిని నది అటు పేరూరు డ్యాముకు పోతుంది మరి.

కెమిస్ట్రీ వాళ్ళూ, సివిల్ వాళ్ళూ, ముంగారు వానలకు ముందే మా ఆఫీసుకు రండి. సీసాలు మేమిస్తాం.